మింట్ వీధి క్రౌన్ థియేటరు గురించి మా తాతయ్య చెప్పినవి ఎంతవరకు నిజం?

ప్రశ్న – అడిగినవారు: పప్పులమండీ మనవడు

మా తాతయ్య నెల్లూరు జిల్లా నుంచి చిన్న వయసులోనే చెన్నపట్నం వచ్చి, కొత్తవాల్ చావడిలో ఒక పప్పుల మండీలో గుమాస్తాగా చేరి, జీవితమంతా జార్జిటౌనులోనే గడిపారు. ఆయనకు తెలిసిన విలాసం ఒక్కటే, సినిమా. 1980ల తొలి సంవత్సరాలలో నాకు ఏడెనిమిదేళ్ళు ఉన్నప్పుడు, మండీ లెక్కలు ముగించుకుని ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తెల్లని పంచె మార్చుకుని, నన్ను చేయి పట్టుకుని మింట్ వీధిలోని క్రౌన్‌కు తీసుకుపోయేవారు. థియేటరు అనే మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు, ఎప్పుడూ "కొట్టాయి" అనేవారు. హాలులోకి అడుగుపెట్టేటప్పుడు గుడి గడపను తాకినట్టు తలుపు చట్రాన్ని వేళ్ళతో తాకి, "ఇది మనవాడు కట్టించిన కొట్టాయిరా" అని ప్రతిసారీ చెప్పేవారు.

గత నెలలో పని మీద ఆ వీధికి వెళ్ళినప్పుడు క్రౌన్ ఉన్న చోటును వెతికాను. అంగళ్ళ నడుమ నడుస్తూ రెండుసార్లు దానిని దాటిపోయానని తరువాత ఒక పెద్దాయన చూపిస్తే గాని తెలియలేదు. తాతయ్య లేరు, నాన్నగారికి ఆ సంగతులు అంతగా గుర్తు లేవు. అందుచేత మూడు విషయాలు తెలిసినవారిని అడుగుతున్నాను. "మనవాడు" అని తాతయ్య అన్నది ఎవరిని? మన దేశపు దక్షిణాది తొలి టాకీ క్రౌన్‌లోనే ఆడిందని ఆయన చెప్పేవారు, అది నిజమేనా? అంత జనంతో కిటకిటలాడిన కొట్టాయిలు ఆ ప్రాంతంలో ఎందుకు నిలవలేకపోయాయి? మీ ఇంటి జ్ఞాపకాలు ఏవైనా ఉంటే అవి కూడా రాయమని వేడుకుంటున్నాను, ఎందుకంటే మా తాతయ్య మాటలు నా పిల్లలకు చెప్పేటప్పుడు నేను తప్పు చెప్పకూడదని నా కోరిక.

జవాబు 1 – పాతపత్రికల చదువరి

మీ తాతగారు "మనవాడు" అన్నది రఘుపతి వెంకయ్య నాయుడు గారిని. ఆయన స్వస్థలం మచిలీపట్నం. మద్రాసుకు వచ్చి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నడిపారు. బొమ్మ కదలడమే వింతగా ఉన్న ఆ రోజుల్లో, బొమ్మతో పాటు గ్రామఫోను పలకలోని శబ్దాన్ని జత చేసి వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం గురించి తెలుసుకుని, స్టూడియోను తాకట్టు పెట్టి మరీ దానిని తెప్పించుకున్నారు. 1910లో విక్టోరియా పబ్లిక్ హాలులో ఆ యంత్రంతో ప్రదర్శనలు ఇచ్చారు. తరువాత గుడారం వేసి ఊరూరా తిరిగారు, సింహళానికీ బర్మాకూ కూడా వెళ్ళివచ్చారు. తిరిగి తిరిగి సంపాదించిన దానితో 1914లో మౌంట్ రోడ్డు పక్కన గెయిటీ థియేటరును కట్టించారు. మద్రాసులో ఒక భారతీయుడు సొంతంగా కట్టించిన తొలి శాశ్వత సినిమా హాలు అదే. అంతకు ముందు, 1913లో, వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు మౌంట్ రోడ్డులో నడిపిన ఎలక్ట్రిక్ థియేటరు కొద్దికాలానికే తపాలా శాఖ చేతికి వెళ్ళింది. ఆ కట్టడం ఇప్పటికీ అణ్ణా రోడ్డు (మౌంట్ రోడ్డుకు నేటి పేరు) తపాలా కార్యాలయ ఆవరణలో నిలిచి ఉంది, తపాలా బిళ్ళల విభాగం అందులోనే నడుస్తున్నది. దొర కట్టిన హాలు మిగిలింది, వెంకయ్య గారు కట్టినవి మిగలలేదు అన్నది నన్ను ఎప్పుడూ బాధపెట్టే సంగతి.

గెయిటీ తరువాత ఆయన కట్టించినవే మింట్ వీధిలోని క్రౌన్, పురసవాకంలోని గ్లోబ్. ఈ గ్లోబే తరువాతి కాలంలో రాక్సీ అయింది. ఈ మూడింటినీ పటం మీద గుర్తు పెట్టుకుని చూస్తే ఆయన ఆలోచన అర్థమవుతుంది. గెయిటీ ఉన్నది దొరలూ ఉద్యోగులూ తిరిగే మౌంట్ రోడ్డు పక్కన. క్రౌన్ ఉన్నది వర్తకులూ గుమాస్తాలూ కళాసీలూ నివసించే జార్జిటౌనులో. తెలుగువారు తరతరాలుగా అంగళ్ళు పెట్టుకుని, కన్యకాపరమేశ్వరి గుడి చుట్టూ బడులూ సత్రాలూ నెలకొల్పుకున్న చోటికి ఆయన సినిమాను తీసుకువచ్చారు. మూకీల కాలంలో తెర మీద ఆంగ్లంలో పడే అక్షరాలను చదివి, కథను జనం భాషలో గట్టిగా చెప్పే వ్యాఖ్యాతలు ఉండేవారు. మీ తాతగారి తండ్రిగారి తరం సినిమాను చూసినంతగానే విన్నదని కూడా గుర్తుంచుకోవాలి.

వెంకయ్య గారు అక్కడితో ఆగలేదు. కుమారుడు రఘుపతి సూర్యప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు, ఆయన తిరిగివచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థను నెలకొల్పి 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీశారు. చివరి రోజులలో ఆస్తులన్నీ చేజారి, 1941లో కన్నుమూశారు. ఆయన పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇక రెండవ ప్రశ్న. ఇక్కడ మీ తాతగారి మాటను కొంచెం సవరించవలసి ఉంటుంది, ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను. హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన దక్షిణాది తొలి టాకీ 'కాళిదాస్' 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది కినిమా సెంట్రల్ అనే హాలులో. అది కూడా జార్జిటౌను వైపుదే, తరువాత మురుగన్ టాకీస్ అయింది. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో బదులు చెబుతాడు. బొంబాయి నుంచి రైలులో వచ్చిన ఆ రీళ్ళ పెట్టెలను సెంట్రల్ స్టేషను నుంచి వాల్‌టాక్స్ రోడ్డు మీదుగా ఊరేగింపుగా తీసుకువెళ్ళారనీ, దారి పొడవునా జనం పూలు చల్లి కొబ్బరికాయలు కొట్టారనీ పెద్దలు చెప్పుకునేవారు. పేటలో జరిగిన అంత పెద్ద వేడుక, తనకు బాగా తెలిసిన పేట హాలుకు చెందినదిగా మీ తాతగారి మనసులో స్థిరపడి ఉంటుంది. ఒక వీధిలో రెండు గుళ్ళు ఉంటే ఉత్సవం ఏ గుడిదో తరువాతి తరం కలగలిపి చెప్పడం మనం చూస్తూనే ఉంటాం.

మరింత వెతకదలిస్తే 'ఆంధ్రపత్రిక' పాత సంచికలు చూడండి. అది 1914లో దినపత్రికగా మద్రాసులోనే మొదలైంది కనుక పట్నం హాళ్ళ ప్రకటనలు ఆ తరువాతి సంచికలలో దొరుకుతాయి. తరమణిలోని రోజా ముత్తయ్య గ్రంథాలయంలో పాత సినిమా పాటల పుస్తకాలు ఉన్నాయి. హాళ్ళ లైసెన్సులకు సంబంధించిన ప్రభుత్వ ఉత్తరువులకు ఎగ్మూరులోని రాష్ట్ర పురాలేఖాగారానికి వెళ్ళాలి.

జవాబు 2 – మిషనుగది మనిషి

చరిత్ర పై సోదరులు చక్కగా చెప్పారు. నేను మిషను గది సంగతి చెబుతాను, ఎందుకంటే ప్రేక్షకులు తెరను చూస్తారు గాని తమ తల వెనుక ఉన్న చిన్న కిటికీ వైపు చూడరు. 1978 నుంచి పదకొండు సంవత్సరాలు ఉత్తర చెన్నైలోని ఒక థియేటరులో మొదట సహాయకుడిగా, తరువాత ఆపరేటరుగా పనిచేశాను. క్రౌన్‌లో పనిచేసిన ఆపరేటర్లు నాకు తెలుసు. ఆ కాలపు హాళ్ళన్నింటిలోనూ పని ఒకే తీరుగా ఉండేది.

అప్పుడు దీపం అంటే బల్బు కాదు. రాగి పూత పూసిన రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా బిగించి, ఒక్క క్షణం తాకించి వెంటనే ఎడం చేస్తే నడుమ తెల్లటి మంట వెలుగుతుంది. వెనుక ఉన్న పుటాకార అద్దం ఆ వెలుగును పోగుచేసి ఫిలిం మీదికి పంపుతుంది. కడ్డీలు కాలుతున్నకొద్దీ పొట్టివవుతాయి కనుక ఎడం పెరగకుండా మరను తిప్పుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే తెర పసుపుపచ్చగా మారి మసకబారుతుంది, కింద నేల తరగతి నుంచి కేకలు మొదలవుతాయి. నల్లద్దంలోంచి మంటను చూడడం, చిమ్నీలోకి పోకుండా మిగిలిన పొగను పీల్చడం, వేసవిలో ఆ చిన్న గదిలో బనియనుతో నిలబడి చెమటలు కక్కడం, ఇదీ మా ఉద్యోగం.

పెద్ద చిత్రం ఒకటి పద్నాలుగు వేల అడుగులు ఉంటుందనుకోండి, అది నిమిషానికి తొంభై అడుగుల చొప్పున పరుగెత్తుతుంది. అంటే వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలలో అయిపోతుంది. రెండు రీళ్ళను కలిపి చుట్టినా ఇరవై రెండు నిమిషాలకు మించదు. అందుకే ప్రతి గదిలోనూ రెండు మిషన్లు ఉండేవి. మొదటి దానిలో రీలు ముగియబోతుండగా తెర కుడివైపు పై మూలన ఒక చిన్న చుక్క మెరుస్తుంది. వెంటనే రెండవ మిషను మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు రెండవ చుక్క, అప్పుడు వెలుగును ఇటు నుంచి అటు మార్చాలి. కథానాయిక ఒక రీలులో మొదలుపెట్టిన మాటను రెండవ రీలులో పూర్తి చేసేటప్పుడు కింద కూర్చున్న వెయ్యిమందిలో ఒక్కరికీ అతుకు తెలియకపోతే, ఆ పూట అన్నం సహించేది నాకు.

పేట థియేటర్ల ప్రత్యేకత మరొకటి ఉంది. ప్రింట్లు తక్కువ కాబట్టి ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకునేవి. ఒక చోట ఆట అరగంట ముందు మొదలవుతుంది, అక్కడ ముగిసిన రీళ్ళను సైకిలు వెనుక కట్టుకుని కుర్రవాడు ఇక్కడికి తెస్తాడు. వానాకాలంలో వ్యాసర్పాడి, మింట్ వైపు వీధులలో మోకాలిలోతు నీళ్ళు నిలిచినప్పుడు ఆ కుర్రవాడు రీళ్ళ డబ్బాను నెత్తిన పెట్టుకుని నడిచివచ్చేవాడు. అతడు వచ్చేదాకా మేము వ్యాపార ప్రకటనల స్లైడ్లు వేస్తూ, తరువాత ఇంటర్వెల్‌ను పొడిగిస్తూ కాలక్షేపం చేసేవాళ్ళం. మనవడు గారూ, మీరు చిన్నతనంలో ఏదైనా ఒక సినిమాకు ఇంటర్వెల్ చాలా పొడుగ్గా ఉందని గుర్తుంటే, ఆ రోజు మీ కోసం ఎవరో వానలో నడిచి వస్తున్నారని అనుకోండి.

జవాబు 3 – గోవిందప్పనాయక వీధి ఆడపడుచు

నేను పుట్టి పెరిగింది గోవిందప్ప నాయకన్ వీధిలో. మా అమ్మా, పిన్నీ, పక్కింటి అత్తయ్యలూ కలిసి సినిమాకు వెళ్ళిన రోజులు నాకు కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. టిక్కెట్లకు ఆడవారి వరుస వేరుగా ఉండేది. దానివల్ల మాకు టిక్కెట్లు త్వరగా దొరికేవి, అందుకని వీధిలోని మగపిల్లలు తమ డబ్బులు మా అమ్మ చేతిలో పెట్టి బతిమాలేవారు. శివాజీ గణేశన్ చిత్రం విడుదలైతే మౌంట్ రోడ్డులో శాంతి, మా వైపు క్రౌన్, ఇంకొక పక్క భువనేశ్వరి, ఈ మూడు పేర్లూ గోడల మీద వరుసగా కనిపించేవి. మౌంట్ రోడ్డుకు పోవలసిన పని లేకుండా కొత్త చిత్రం మొదటి రోజునే మా వీధి చివరికి రావడం మాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. తెలుగు చిత్రాలు ఆదివారం ఉదయం ఆటలుగా వేసేవారు. మా అమ్మ తెల్లవారకముందే లేచి వంట ముగించి, ఇంటిల్లిపాదికీ అన్నం మూతపెట్టి, తల్లో పూలు పెట్టుకుని బయలుదేరేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సేట్ల అంగట్లో హిందీ మాట్లాడుకుని బతికిన మాకు, వందలమంది ఒక్కసారిగా తెలుగు మాటకు నవ్వడం ఆ హాలులోనే వినబడేది.

అయితే నేను ముఖ్యంగా రాయదలచుకున్నది మీ మూడవ ప్రశ్న గురించి. అందరూ టీవీ వచ్చింది, వీడియో వచ్చింది అంటారు. దూరదర్శన్ మద్రాసుకు 1975లోనే వచ్చింది, ఎనభైలలో వీడియో క్యాసెట్లు ఇంటింటికీ తిరిగాయి, అయినా మేము సెకండ్ షోలకు వెళ్ళడం మానలేదు. మమ్మల్ని ఆ ఆటలకు వెళ్ళనిచ్చింది కొత్తవాల్ చావడి కూరగాయల సంత. ఆట వదిలేసరికి రాత్రి ఒంటిగంట అయ్యేది. ఆ వేళకు కూరగాయల లారీలు వరుసగా వచ్చి నిలబడేవి, గోతాలు దించే కళాసీలు, లాంతరు వెలుగులో లెక్కలు రాసుకునే గుమాస్తాలు, టీ అంగళ్ళు, ఇడ్లీ అమ్మే ముసలమ్మలు, వీధి అంతా పట్టపగలులా ఉండేది. బంగారు గొలుసుతో నడిచినా భయపడని ఆ దారిలో అయిదారుగురు ఆడవాళ్ళం సినిమా గురించి వాదించుకుంటూ ఇంటికి చేరేవాళ్ళం. దారిలో మండీ గుమాస్తా ఎవరైనా "ఏమ్మా, పడమ్ బాగుందా?" అని అడిగితే మా పిన్ని కథంతా చెప్పబోయేది.

1996లో ఆ కూరగాయల సంతను కోయంబేడుకు తరలించారు. లారీల రద్దీ తగ్గాలంటే అది అవసరమే, కాదనను. కానీ ఆ తరువాత మా వీధికి రాత్రి లేకుండా పోయింది. తొమ్మిదిన్నరకే అంగళ్ళు మూసేవారు, ఆపైన వీధి దీపాల కింద కుక్కలు తప్ప మరేమీ కనబడేవి కావు. మా అమ్మ సెకండ్ షోకు వెళ్ళడం ఆ ఏడాదే మానేసింది. పని దిగి, చేతిలో కూలి డబ్బులతో నేరుగా నేల తరగతికి వచ్చి కూర్చునే కళాసీలు కూడా కోయంబేడుకే వెళ్ళిపోయారు. మా వైపు కొట్టాయిలను సంత పోషించిందనీ, సంత పోయాక అవి నిలవలేదనీ నేను గట్టిగా నమ్ముతాను.

జవాబు 4 – డీసీఆర్ లెక్కల పద్దు

అమ్మగారు చెప్పిన సెకండ్ షో సంగతి ఏ లెక్కల పుస్తకంలోనూ దొరకదు. దానిని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. అయితే ఒక పంపిణీ కార్యాలయంలో చాలా సంవత్సరాలు రోజువారీ వసూళ్ళ పట్టికలు, మా వాడుకలో డీసీఆర్‌లు, సరిచూసిన వాడిని కనుక మరొక వైపు కూడా చెప్పవలసి ఉంది.

ప్రతి హాలుకూ ప్రతి చిత్రానికీ "హోల్డోవర్" అని ఒక మొత్తం ఒప్పందంలో రాసుకునేవారు. వారం వసూలు దానికి దిగువకు పడితే చిత్రాన్ని తీసివేయవచ్చు. సెకండ్ షో వసూలు పడిపోతే మొత్తం వారం పడిపోతుంది, కాబట్టి సంత తరలిపోవడం హాళ్ళను కుంగదీసి ఉంటుందన్నది నిజమే. కానీ సంతతో సంబంధం లేని మౌంట్ రోడ్డు హాళ్ళు కూడా ఒకటొకటిగా పోయాయి కదా. గెయిటీ కూడా మిగలలేదు. ఒక్క తెర గల పాత హాలు పట్నం నడిబొడ్డున విశాలమైన స్థలాన్ని ఆక్రమించి ఉంటుంది. అందులో రోజుకు నాలుగు ఆటలు నిండినా వచ్చే ఆదాయం, ఆ స్థలంలో బహుళ అంతస్తుల కట్టడం లేస్తే వచ్చే అద్దెతో పోటీ పడలేదు. సాధారణంగా హాలు యజమాని తరువాతి తరంలో నలుగురైదుగురు వారసులు ఉంటారు. హాలును ముక్కలు చేసి పంచుకోలేరు, అమ్మి డబ్బును పంచుకోగలరు. నేను చూసిన హాళ్ళ మూసివేతలలో ఎక్కువ భాగం వెనుక ఈ కుటుంబ విభాగమే ఉంది.

తెలుగు చిత్రాల విషయంలో ఇంకొక సంగతి కూడా ఉంది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ పేరు పెట్టిన తమిళ చిత్రాలకు వినోదపు పన్ను మినహాయించింది. తమ భాషను ప్రోత్సహించుకోవడం వారి హక్కు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే పన్ను కట్టవలసిన తెలుగు చిత్రాన్ని వేయడం కంటే, పన్ను లేని తమిళ చిత్రాన్ని వేయడమే అప్పట్లో చిన్న హాలు యజమానికి గిట్టుబాటుగా ఉండేది. తెలుగు చిత్రాలు క్రమంగా మౌంట్ రోడ్డు వైపు కొన్ని హాళ్ళకూ, ఆ తరువాత మల్టీప్లెక్సులకూ పరిమితమయ్యాయి. డిజిటల్ ప్రదర్శన వచ్చాక, సైకిలు మీద రీళ్ళు మోసిన కుర్రవాడి అవసరమూ, పై సోదరులు వర్ణించిన రెండు చుక్కల నేర్పు అవసరమూ తీరిపోయాయి. ఆ మార్పుకు కావలసిన పెట్టుబడి పెట్టగలిగిన పేట హాళ్ళు కొన్నే.

జవాబు 4కు స్పందన – గోవిందప్పనాయక వీధి ఆడపడుచు

లెక్కల పద్దు గారూ, స్థలం ధర సంగతి మీరు చెప్పినది కాదనలేను. కానీ ఆ స్థలానికి ధర ఎప్పటి నుంచో ఉంది. హాలు నిండుతున్నంత కాలం ఏ వారసుడూ అమ్ముదామని గట్టిగా అనలేకపోయాడు, ఖాళీ కుర్చీలు కనబడ్డాకే ఆ మాట నోట వచ్చింది. కుర్చీలు ఖాళీ కావడం ఎక్కడ మొదలైందో చూసిన దానిని కనుక నా మాట మీద నేను ఉంటాను.

ముగింపు స్పందన – పప్పులమండీ మనవడు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులు చదివిన తరువాత అటక మీద ఉన్న తాతయ్య పాత ట్రంకు పెట్టెను దించాను. అందులో మండీ లెక్కల పుస్తకాలతో పాటు ఆయన ఇంటి ఖర్చుల చిట్టాలు తొమ్మిది దొరికాయి. పాలు, బొగ్గులు, చాకలి, బడి జీతం అని వరుసగా రాసుకున్న పేజీలలో నెలకు నాలుగైదు చోట్ల "కొట్టాయి" అని ఒక పద్దు ఉంది. హాలు పేరు క్రౌన్ అయినప్పుడు పక్కన చిన్నగా "క్రౌ" అనీ, మరి కొన్నిచోట్ల "ము" అనీ రాశారు. ఆ "ము" ఏమిటో మొదటి జవాబు చదవకపోతే నాకు తెలిసేది కాదు. మురుగన్ టాకీస్ అన్నమాట. అంటే ఆయన రెండింటికీ వెళ్ళేవారు, రెండింటినీ వేరుగా గుర్తుపెట్టుకున్నారు, తొలి టాకీ సంగతి ఒక్కటే నా చిన్నతనపు చెవుల్లో కలగలిసిపోయి ఉంటుంది.

ఒక పేజీలో, నవంబరు నెలలో, "కొట్టాయి – క్రౌ – 2, రిక్షా – వాన" అని ఉంది. ఆ రెండు టిక్కెట్లలో ఒకటి నాదే. ఆ రోజు ఇంటర్వెల్ చాలాసేపు సాగిందనీ, తాతయ్య నాకు రెండవసారి వేరుశనగకాయలు కొనిపెట్టారనీ నాకు బాగా గుర్తుంది. మిషనుగది పెద్దాయన గారూ, ఆ చిట్టా పేజీల ఫొటోలు తీసి ఇక్కడే ఉంచుతాను, మీరూ ఆడపడుచు గారూ చూసి ఆ సంవత్సరాలలో ఏ హాలులో ఏ తరగతికి టిక్కెట్టు ఎంత ఉండేదో సరిచూసి చెప్పండి.